వల ముందు నడుస్తోంది... చెరువేది?

(విజయనగరంలో చెరువులు, నూతుల పునరుద్ధరణపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పెద్దచెరువు గురించి మాట్లాడమన్నారు. చెరువు గురించి మాట్లాడాలంటే ముందు వల గురించి మాట్లాడాలి. మీరంతా చూసిన వలే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం నాడు, మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలనంత జనంలో, సిరిమాను కదలబోయే ముందు ఒక వల నడుస్తుంది. పాలధార నడుస్తుంది, తెల్ల ఏనుగు నడుస్తుంది, అంజలి రథం నడుస్తుంది. వాటితోపాటు బెస్తవారి వల. ఆ వెనకే ఆకాశంలో ఊగుతూ సిరిమాను వస్తుంది. గుడి నుంచి కోటకు, కోట నుంచి గుడికి మూడు సార్లు తిరుగుతుంది. మనందరి కళ్లూ పైన మాను మీదే ఉంటాయి. అరటిపళ్లు విసిరేదీ దాని మీదికే. వలను చూసేదెవరు?

చిన్నప్పుడు మా అమ్మ నన్ను చంకనేసుకుని తీసుకెళ్లేది. “అమ్మా, ఆ వలెందుకే?” అనడిగితే “అమ్మోరిని నీళ్లలోంచి తీసింది వాళ్లే కదరా గుంటడా” అంది. అంతే. ఇంకే పుస్తకమూ నాకా ముక్క చెప్పలేదు. పదో తరగతి దాకా చదివిన చరిత్రలో బొబ్బిలి యుద్ధానికి రెండు పేరాలిచ్చారు. పెద్దచెరువుకి ఒక్క వాక్యం లేదు.

కథ మీకందరికీ తెలిసిందే, అయినా చెబుతాను. 1757 జనవరి 24. బొబ్బిలి కోట. బుస్సీ ఫిరంగులు, పూసపాటి పెద విజయరామరాజు సేనలు ఒకవైపు. రంగారావు, ఆయన మనుషులు ఇంకోవైపు. కోటలో ఆడవాళ్లు, పిల్లలతో సహా నాశనమయ్యారు. మూడు రోజులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచాడు. ఇది చరిత్ర. ఇక్కడి నుంచి జనం కథ. రాజుగారి చెల్లెలు పైడితల్లి. యుద్ధం వద్దన్న పిల్ల. మశూచితో మంచాన పడి ఉంది. అన్నని ఆపాలని బయలుదేరింది, దారిలోనే అన్న చావు కబురు తెలిసింది. స్పృహ తప్పి పడిపోయింది. వెంట ఉన్న పతివాడ అప్పలస్వామి నీళ్లు చల్లితే కాస్త తేరుకుని, నేనిక బతకను, నా రూపం పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుంది, దానికి గుడి కట్టండి అందట. బెస్తవాళ్లు దిగారు, వల వేశారు, విగ్రహం తీశారు. అక్కడ వెలిసిందే వనం గుడి. ఈనాటికీ సిరిమాను ఎక్కేది ఆ పతివాడ వంశం పూజారే.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అని పంచాయితీ పెట్టడానికి నేను రాలేదు. నాకు కనిపించేది వేరు. గెలిచిన రాజుకి ఊరేగింపు లేదు. ఫిరంగి పేల్చిన బుస్సీకి లేదు. యుద్ధం వద్దన్న ఆడపిల్లకి ఉంది. ఆమెను నీళ్లలోంచి తీసిన బెస్తవాడి వలకి ఉంది. కోటకీ చెరువుకీ మధ్య మన జనం ఎవరి పక్షం నిలిచారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక చెరువు సంగతి.

పండగ అయిపోయాక అమ్మవారికి తెప్పోత్సవం చేస్తారు. ఎక్కడ? ఆ పెద్దచెరువులోనే. ఏటా తెప్పోత్సవం దగ్గర పడగానే మనవాళ్లకి చెరువు గుర్తొస్తుంది. గుర్రపుడెక్క పీకిస్తారు, గట్టున సున్నం కొడతారు, లైట్లు కడతారు. తెప్ప తిరుగుతుంది, ఫొటోలు వస్తాయి. మర్నాటి నుంచి మళ్లీ గుర్రపుడెక్క తన పని తాను చేసుకుంటుంది. దాని తప్పేమీ లేదు. మురుగు ఎక్కడుంటే అది అక్కడ పెరుగుతుంది. ఇళ్ల మురుగులో సబ్బు, మలం, ఎరువు లాంటి పోషకాలుంటాయి. అవి నీళ్లలో కలిస్తే ఆ మొక్కకి విందు భోజనం. మొక్క పైనంతా కప్పేస్తే కింద నీటికి గాలి, వెలుతురు అందవు. చేప చస్తుంది. చేప చస్తే వల ఎండుతుంది. డెక్కని ఎన్నిసార్లు పీకినా మురుగు కాలవ మళ్లించకపోతే అది మళ్లీ వస్తుంది. కాంట్రాక్టరుకి ఇది చాలా అనుకూలమైన మొక్క అని నా అనుమానం. ఏటా బిల్లు పెట్టుకోవచ్చు.

పెద్దచెరువు అభివృద్ధి మాట వచ్చినప్పుడల్లా ఏం వినిపిస్తుంది? వాకింగ్ ట్రాకు, బోటింగు, ఫుడ్ కోర్టు, రంగుల ఫౌంటెను, గట్టు మీద సిమెంటు రెయిలింగు. అభివృద్ధంటే అంతేనా? చెరువంటే గిన్నె కాదు మిత్రులారా, అంచుకి రంగేస్తే బాగుపడిపోడానికి. చెరువుకి ఒక నోరుంది, ఒక కడుపుంది, ఒక వాకిలి ఉంది. నీరొచ్చే గెడ్డలు, కాలవలు దాని నోరు. పూడిక పేరుకునే అడుగు దాని కడుపు. నిండినప్పుడు పొర్లిపోయే కళింగ దాని వాకిలి. నోరు మూసేసి, వాకిలి మీద షాపులు కట్టేసి, కడుపులో మురుగు పోసి, పెదాలకి లిప్‌స్టిక్ పూస్తున్నారు. దీన్ని సుందరీకరణ అంటున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. నడిచే దారి వద్దని నేననను. ఉద్యోగం చేసి చేసి నడుము పట్టేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. పొద్దున్నే గట్టు మీద నడవాలని నాకూ ఉంది. కానీ ముందు నీళ్లు, తర్వాత నడక. ముందు హద్దు, తర్వాత రెయిలింగు. ఈ వరస తిరగబడితే ఏమవుతుంది? రెయిలింగు ఎక్కడ కడితే అదే చెరువు హద్దయిపోతుంది. దానికి అవతల మిగిలిన చెరువు భూమి ఎవడిదో వాడిదైపోతుంది. సుందరీకరణ పేరుతో ఆక్రమణకి ముద్ర వేయించుకోవడమంటే ఇదే. దేశంలో చాలా ఊళ్లలో జరిగిందిది.

నూతుల దగ్గరికి వద్దాం. ఈ సభ పేరులో నూతులు కూడా ఉన్నాయి కదా. మన జిల్లాల అడుగున ఉన్నది గట్టి రాయి. ఖొండలైటు అంటారు శాస్త్రజ్ఞులు. తూర్పు కనుమల రాయి. ఆ రాతిపైన చివికిన మట్టి, గుల్ల రాయి ఉంటాయి. మన నూతి నీరంతా ఆ చివికిన పొరలోనే. అది పెద్ద ట్యాంకేమీ కాదు. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో తరుగుతుంది. దాన్ని మెల్లమెల్లగా నింపేది చెరువు. అందుకే పాతకాలంలో చెరువు గట్టు కిందే నూతులు తవ్వేవారు. చెరువు నిండితే నూతిలో చేద అందేది. వనం గుడి దగ్గర ఒక ముసలమ్మ నాతో అన్న మాట చెబుతాను. “బాబూ, సెరువులో నీల్లున్నన్నాల్లూ మా నూతిలో నీల్లుండీవి. ఇప్పుడు సెరువులో కంపు, నూతిలో సెత్త. కుళాయి ఎప్పుడొస్తాదో ఆ తల్లికే తెలాల.” ఇంజనీరు వంద పేజీల నివేదికలో చెప్పేది ఆమె మూడు మాటల్లో చెప్పేసింది.

ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడే ప్రాంతం మనది. చంపావతి, గోస్తని, నాగావళి, వంశధార పారే నేల. అనంతపురంవాడు ఈ మాట వింటే నవ్విపోతాడు, ఇంత వాన పడే చోట నీళ్ల కోసం సభ పెట్టుకున్నారా అని. గోస్తని మీద 1960లలో కట్టిన తాటిపూడి మన జిల్లాలోనే ఉంది, ఆ నీళ్లు విశాఖ గొంతు తడుపుతున్నాయి. తడపనివ్వండి, విశాఖ కూడా మనదే. నా బాధల్లా మనకున్న చెరువుని మనమే చంపుకుని పక్కవాడి కుళాయి వైపు చూస్తున్నామనే.

నీళ్లలోంచి దేవత రావడం మన ప్రాంతంలో ఒక్క పైడితల్లి కథే కాదు. రామతీర్థం విగ్రహాలు నీటి మడుగులో దొరికాయని చెప్పుకుంటారు, ఊరి పేరులోనే తీర్థం ఉంది. శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి ఉంది. బూరుజుపేట కనకమహాలక్ష్మి నూతిలోంచి వచ్చింది. ఆ నూతి కథ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే నూరేళ్ల కిందటి అభివృద్ధి గొడవ అందులో ఉంది.

విశాఖలో కనకమహాలక్ష్మి విగ్రహం నూతిలో దొరికింది. జనం తీసుకొచ్చి వీధిలో పెట్టుకున్నారు. పైకప్పు లేదు. ఈరోజుకీ లేదు. ఎవరైనా వెళ్లి తమ చేత్తో పూజ చేసుకోవచ్చు, మధ్యలో ఎవరూ అడ్డం ఉండరు. 1912 ప్రాంతంలో మునిసిపాలిటీవారికి రోడ్డు మధ్యలో విగ్రహం అడ్డమనిపించింది. పక్కకి జరిపారు. 1917లో ఊళ్లో ప్లేగు వచ్చింది. అమ్మవారిని కదిపినందుకే వచ్చిందని జనం నమ్మారు. మళ్లీ తెచ్చి పాత చోటే పెట్టారు. రోగం తగ్గింది. గుడి చరిత్రగా అక్కడ చెప్పే సంగతి ఇది.

విద్యార్థి మిత్రుల్లో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. ప్లేగు ఎలుకల మీద బతికే పురుగు కుట్టడం వల్ల వస్తుందని నాకూ తెలుసు. విగ్రహం జరిపితే వచ్చిందని నేననను. నేను చూసేది ఇది: ఒక ఇంజనీరు బల్ల మీద కాగితం పరుచుకుని ఒక చుక్కని అంగుళం పక్కకి జరిపాడు. ఆ చుక్క చుట్టూ బతుకుతున్నవాళ్లని ఒక్క మాట అడగలేదు. వాళ్లు తమకి తెలిసిన భాషలో అభ్యంతరం చెప్పారు. అప్పట్లో సమాచార హక్కు చట్టం లేదు, హైకోర్టులో పిల్లు వేసే దారి లేదు. దేవత కోపమే వాళ్ల పిటిషను. పిటిషను గెలిచింది, విగ్రహం వెనక్కొచ్చింది.

ఇప్పుడు మనకి చట్టాలున్నాయి. కానీ ఆ పట్టుదల ఉందా? 2020 మే నెలలో ఇదే ఊళ్లో, కూడలి అభివృద్ధి పేరుతో మూడు లాంతర్ల స్తంభం కూల్చారు. తెల్లారి చూస్తే రాళ్ల కుప్ప. ఊరు ఊరంతా గగ్గోలు పెట్టాక మళ్లీ కడతామన్నారు. ముందు కూల్చడం, తర్వాత క్షమాపణ, ఆ తర్వాత నమూనా. పాతది పోయి దాని బొమ్మ వస్తుంది. చెరువుకి కూడా ఇదే గతి పడితే? స్తంభానికి నమూనా కట్టొచ్చు. చెరువుకి నమూనా ఎలా కడతావు బాబూ?

బాగుచేయడం చేతకాని పనేం కాదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి చూడండి. దాదాపు నలభై ఏళ్లు చెత్తకుండీగా వాడారు. బావి ఉందన్న సంగతే కొత్త తరానికి తెలియదు. వాస్తుశిల్పి కల్పనా రమేష్, ఆమె నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్టు, జీహెచ్‌ఎంసీ కలిసి దిగారు. వేల టన్నుల చెత్త, పూడిక ఎత్తారు. అడుగు చేరేసరికి ఊట వచ్చింది. 2022 డిసెంబరులో తెరిచారు. గోల్కొండ మెట్లబావుల పనికి అదే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. గమనించండి, అక్కడ ముందు చెత్త ఎత్తారు, నీళ్లు చూశారు, ఆ తర్వాతే లైట్లు పెట్టారు.

ఇందాక ఒక కుర్రాడు చీటీ పంపాడు. “సార్, మన రాష్ట్రం మనకొస్తే చెరువులు అవే బాగుపడతాయి కదా, ముందు రాష్ట్రం కోసం కొట్లాడదాం” అని. నాయనా, నీ ఆవేశం మంచిదే. ఈ పత్రిక చదివేవాళ్లందరికీ ఉన్న ఆవేశమే. కానీ లెక్క చూడు. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. 2015లో మిషన్ కాకతీయ మొదలెట్టారు, 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీస్తామన్నారు, ఆ మట్టి రైతుల పొలాలకి తోలించారు. ఉద్యమంలో నీళ్ల మాట ముందు నుంచీ అన్నారు కాబట్టి ప్రభుత్వం వచ్చాక ఆ మాట మీద నిలబెట్టగలిగారు. అయినా అక్కడ చెరువుల ఆక్రమణలు ఆగాయా? ఆగలేదు. హైదరాబాదులో ఇప్పటికీ గొడవే. అంటే రాష్ట్రం రావడం ఒక పని, చెరువు కాపాడుకోవడం ఇంకో పని. మొదటిది వస్తే రెండోదానికి సాయం. మొదటిది రాలేదని రెండోది ఆపితే, రేపు రాష్ట్రం చేతికొచ్చేసరికి అప్పగించడానికి చెరువు మిగలదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. వల గురించి మొదలుపెట్టాను కదా. చెరువు బెస్తవాళ్లు వేరు, సముద్రం మీద బతికేవాళ్లు వేరు. అయినా వల వలే. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం తీరం కుర్రాళ్లు గుజరాత్ పడవల మీద కూలికి వెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. కరాచీ జైల్లో ఏడాది పైన మగ్గారు. 2020 జనవరిలో 20 మంది తిరిగొచ్చారు. మన సముద్రం పక్కనే ఉండగా వాళ్లు వీరావల్ ఎందుకు వెళ్లారు? ఇక్కడ చేప లేదు, జెట్టీ లేదు, ధర లేదు. వల ఉన్నవాడికి నీళ్లు లేకపోతే వలస. సిరిమాను ముందు వలని ఊరేగించి దణ్ణం పెడుతున్నాం, వల పట్టే చేతిని రైలెక్కిస్తున్నాం.

కాబట్టి పెద్దచెరువు బాగుచేసే పథకం ఏదొచ్చినా అందులో బెస్తవాళ్ల పేరుండాలి. బోటింగు టెండరు ఎవడో కాంట్రాక్టరుకి కాదు, ఆ చెరువులో చేపలు పట్టి బతికిన కుటుంబాల సహకార సంఘానికి ఇవ్వాలి. చేప పిల్లలు వేసే హక్కు వాళ్లదే. తెప్ప నడిపే చెయ్యి వాళ్లదే. అమ్మవారిని తీసినవాళ్లకి చెరువులో వాటా లేకపోతే ఇక కథ చెప్పుకోడం ఎందుకు?

ఉద్యోగ మిత్రులకి ఒక మాట. మీలో రెవెన్యూలో పనిచేసేవాళ్లున్నారు, సర్వే వాళ్లున్నారు, పురపాలకంలో ఉన్నవాళ్లున్నారు. చెరువు హద్దు తెలుసుకుందామని నేను ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. ఫైలు పక్క సెక్షనుకి వెళ్లిందన్నారు. పక్క సెక్షను వాళ్లు పై ఆఫీసుకి వెళ్లిందన్నారు. పై ఆఫీసు వాళ్లు మళ్లీ మొదటి సెక్షనునే అడగమన్నారు. సిరిమాను మూడు సార్లు తిరిగితే నేను నాలుగు సార్లు తిరిగాను. ఎవరినీ తప్పుపట్టడం లేదు, నేనూ ఉద్యోగం చేసినవాణ్ణే, ఫైలు ఎలా నిద్రపోతుందో నాకు తెలుసు. కానీ చట్టం మన వైపే ఉంది. హించ్‌లాల్ తివారీ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు ఉమ్మడి ఆస్తి, కాపాడాల్సిందే అంది. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో ఇంకా గట్టిగా చెప్పింది, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. మన రాష్ట్రంలో 2002 నుంచీ వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్టు, మూడింటినీ కాపాడమనే చట్టం. సమాచార హక్కు 2005 నుంచీ ఉంది. మీరు లోపల నుంచి కాస్త తలుపు తీస్తే మేం బయట నుంచి తోస్తాం.

విద్యార్థులకి పనుంది. 2023లో కేంద్రం మొదటిసారి దేశంలో నీటి వనరుల లెక్క బయటపెట్టింది. దేశం మొత్తం మీద 24 లక్షల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 1 లక్షా 90 వేల పైచిలుకు. ఆ లెక్కలో మీ వీధి నుయ్యి ఉందా? మీ ఊరి బంద ఉందా? ఉంటే ఎలా ఉందని రాశారు? అది చూడాలి. లేకపోతే మనమే రాయాలి. ఒక్కొక్కరు ఒక్కో వీధి తీసుకోండి. నూతి వయసు ఎంతంటారు, ఎవరు తవ్వించారంటారు, ఒరలు ఇటికవా రాతివా, ఇప్పుడు నీళ్లెంత లోతున ఉన్నాయి, దాని మీద ఏ కథ చెప్పుకుంటారు. కథ మర్చిపోకుండా రాయండి. మీ నాయనమ్మ బతికుండగానే అడిగి రాయండి. గురజాడ కన్యాశుల్కం మొదలెట్టింది ఈ ఊరి బొంకులదిబ్బ మీదే. అది రాతలోకి ఎక్కింది కాబట్టి ఊరు మర్చిపోలేదు. మన నూతులకి గురజాడ దొరకలేదు, మీరే దొరకాలి.

మునిసిపల్ పెద్దలతో మాట్లాడటానికి పోయినప్పుడు మనం అడగాల్సింది కూడా ఇక్కడే అనుకుందాం. ఎన్నో అక్కర్లేదు. పాత సర్వే ప్రకారం హద్దు రాళ్లు పాతండి. అవి పాతేదాకా రెయిలింగు టెండరు పిలవొద్దు. చెరువులో కలిసే మురుగు కాలవలు ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పి, ఒక్కొక్కటి ఎప్పుడు మళ్లిస్తారో తేదీ రాసివ్వండి. పూడిక తీస్తే ఆ మట్టి ఎక్కడికి పోతుందో చెప్పండి, ఎందుకంటే మట్టి కూడా డబ్బే. వనం గుడి పక్క నీటి మట్టం నెలకోసారి కొలిచి బోర్డు మీద రాయండి. ఆ బోర్డు రంగుల ఫౌంటెను కంటే చౌక, చూడ్డానికీ బాగుంటుంది.

సమయం అయిపోతోందని అధ్యక్షులవారు గంట కొడుతున్నారు. సరే. భోజనాలయ్యాక ఎండ తగ్గగానే వచ్చేవాళ్లు వనం గుడి దగ్గరికి రండి. పడమటి గట్టు నుంచి మొదలెట్టి ఎన్ని కాలవలు చెరువులో కలుస్తున్నాయో లెక్కపెట్టుకుంటూ నడుద్దాం. యాభై మీటర్ల టేపు నా సంచిలో ఉంది. రెండో చివర పట్టుకోడానికి ఒకరు కావాలి.